అక్వేరియం గాలి పంపుకు బొగ్గు పెట్టె: ఒక ప్రాజెక్టు డైరీ

జ్యేష్ఠం, ఎండలు తగ్గకముందు

వనస్థలిపురంలోని మా ఇంటి హాలు పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉంటుంది. తూర్పు గోడకు ఆనించి రెండడుగుల చేపల తొట్టి ఉంది. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా అందులో రమారమి 45 లీటర్ల నీరు నిలుస్తుంది. గప్పీలు, నియాన్ టెట్రాలు, కొన్ని చెర్రీ రొయ్యలు ఆ నీటిలో బతుకుతున్నాయి. అదే హాలులో గోడకు తనంతట తాను చిమ్మే రూమ్ ఫ్రెషనర్, ప్లగ్గులో దోమల మందు సీసా, దేవుడి గూట్లో అగరొత్తులు, శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి కూడా ఉంటాయి. ఈ సువాసనల వల్ల చేపలకు హాని ఉందా అని అక్వేరియం దుకాణంలో అడిగితే "ఏం కాదు మేడమ్, అందరిళ్లల్లో ఉండేవే కదా" అన్నారు. చేపలు పెంచే మిత్రులను అడిగితే ఒక్క చుక్క సువాసన కూడా ఆ గదిలో ఉండరాదన్నారు. రెండు సమాధానాల్లోనూ లెక్క లేదు. ఈ ప్రాజెక్టు ఆ లెక్క కోసం మొదలైంది.

ముందుగా గదిలోని వాసన నీటిలోకి ఏ దారిన చేరుతుందో చూడాలి. నీటి పైభాగం గాలిని తాకుతూనే ఉంటుంది గనుక అది ఒక దారి. ఫ్రెషనర్ చిమ్మిన సన్నని తుంపర నేరుగా నీటి మీద పడడం రెండో దారి. చాలామంది గమనించనిది మూడోది, అదే ఎయిర్ పంపు. చిన్న పంపు నిమిషానికి 3 లీటర్ల గాలిని పీల్చి, రాయి గుండా బుడగలుగా చేసి నీటిలోకి వదులుతుంది. రోజంతా నడిస్తే అది 4,320 లీటర్లవుతుంది. మా హాలులో ఉన్న గాలి దాదాపు 34,000 లీటర్లు. అంటే ప్రతిరోజూ హాలు గాలిలో ఎనిమిదో వంతు ఆ చిన్న తొట్టి నీటిలోంచి దూరి బయటికి వస్తోంది. చేపల కోసం మనం పెట్టిన పంపు, గదిలో ఏది ఉంటే దాన్నే నీటికి అందిస్తుంది. దానికి ఆమ్లజని, అత్తరు అన్న తేడా తెలియదు.

ఇక పదార్థాల సంగతి. సువాసన డబ్బాల్లో ఎక్కువ భాగం పీడనం కోసం నింపిన బ్యూటేన్, ప్రొపేన్ వాయువులు, ఆల్కహాలు లేదా నీరు, వాటితో పాటు కొద్దిపాటి పరిమళ ద్రవ్యం ఉంటాయి. నిమ్మ వాసనకు లిమొనీన్, పూల వాసనకు లినలూల్ ఎక్కువగా వాడతారు. ఈ రెండింటి స్వభావం పూర్తిగా వేరు. లిమొనీన్ చేపలకు విషమే. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చేపల మీద చేసిన పరీక్షల్లో లీటరు నీటికి 0.7 మిల్లీగ్రాముల దగ్గరే 96 గంటల్లో సగం చేపలు చనిపోతాయని తేలింది. అయితే లిమొనీన్‌కు నీటిలో నిలవడం గిట్టదు. ఒక లీటరు గాలిలో ఎంత ఉంటే, దాన్ని తాకిన లీటరు నీటిలోనూ ఇంచుమించు అంతే నిలుస్తుంది. అంతకు మించినదాన్ని బుడగలే తిరిగి బయటికి తీసుకుపోతాయి. లినలూల్ దీనికి విరుద్ధంగా గాలికన్నా నీటిలో సుమారు వెయ్యి రెట్లు గాఢంగా చేరగలదు, కానీ ట్రౌట్ చేపల ప్రాణం తీయాలంటే లీటరుకు దాదాపు 28 మిల్లీగ్రాములు కావాలి.

అతి చెడ్డ పరిస్థితిని ఊహించి లెక్క వేశాను. డబ్బా మీట మూడు సెకన్లు నొక్కితే మూడు గ్రాముల ద్రవ్యం వస్తుందనీ, అదంతా శుద్ధ పరిమళమేననీ, కిటికీలు మూసే ఉన్నాయనీ, గోడలూ పరదాలూ ఏమీ పీల్చుకోలేదనీ అనుకున్నాను. అప్పుడు ఘనమీటరు గాలికి 88 మిల్లీగ్రాములు వస్తాయి. అది లిమొనీన్ అయితే నీటిలో లీటరుకు 0.09 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది. అది ప్రాణాంతకమైన మోతాదులో ఎనిమిదో వంతు. లినలూల్ అయితే, పంపు రోజంతా మోసుకొచ్చినదంతా నీటిలోనే మిగిలిపోయినా లీటరుకు 9 మిల్లీగ్రాములు దాటదు. నిజానికి చిమ్మినదాంట్లో పరిమళం చాలా స్వల్పం గనుక అసలు అంకెలు వీటికన్నా ఎన్నో రెట్లు తక్కువగా ఉంటాయి. పరిమళాల్లో సాధారణంగా నీటిలో చేరేది అంత తేలిగ్గా చంపదు, చంపగలిగేది నీటిలో అంతగా చేరదు. ఈ రెండు గుణాలూ ఒకే పదార్థంలో కలిస్తే అసలు ప్రమాదం అక్కడే ఉంటుంది.

ఆ రెండూ కలిసిన పదార్థం మా హాలులోనే, ఫ్రెషనర్‌కు ఎదురు గోడన, ప్లగ్గులో వేలాడుతోంది. దోమల మందు సీసాల్లో తరచుగా కనిపించే ట్రాన్స్‌ఫ్లుథ్రిన్ కూడా లినలూల్ మాదిరిగానే గాలికన్నా నీటిని దాదాపు వెయ్యి రెట్లు ఇష్టపడుతుంది. కానీ రెయిన్‌బో ట్రౌట్ చేపల ప్రాణం తీయడానికి లీటరుకు ఒక మైక్రోగ్రాము, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు కన్నా తక్కువే సరిపోతుంది. మా సీసాలో 45 మిల్లీలీటర్ల ద్రవం ఉంది, మందు నూటికి 1.6 పాళ్లని దాని మీద రాసి ఉంది. రాత్రికి ఒక మిల్లీలీటరు చొప్పున ఆవిరైతే దాదాపు 13 మిల్లీగ్రాముల మందు గదిలోకి వస్తుంది. తలుపులన్నీ బిగించి ఉన్నాయనుకుంటే, ఎనిమిది గంటల్లో పంపు పీల్చిన గాలితో తొట్టిలోకి పావు మిల్లీగ్రాముకు కొంచెం పైన చేరుతుంది. 45 లీటర్లకు పంచితే లీటరుకు 6 మైక్రోగ్రాములు. ట్రౌట్ లెక్కన అది ప్రాణాంతక మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ.

అయితే ఊళ్లో ఎన్నో ఇళ్లలో దోమల మందూ ఉంది, చేపలూ ఉన్నాయి, అన్ని తొట్లూ ఖాళీ కావడం లేదు. కిటికీలు పూర్తిగా మూయకపోవడం, గోడలు, దుస్తులు, సోఫాలు మందులో పెద్ద భాగాన్ని పీల్చేసుకోవడం, నీటిలోని మట్టి, పాచి మరికొంత పట్టుకోవడం ఇందుకు కారణాలు. అందువల్ల నేను వేసింది గరిష్ఠ హద్దు మాత్రమే. ఫ్రెషనర్ విషయంలో గరిష్ఠ హద్దు కూడా ప్రమాదరేఖకు కింద నిలిచింది, దోమల మందు విషయంలో దాన్ని దాటింది. ఎండాకాలంలో కిటికీలు తెరిచే ఉంచుతాం గనుక ఇప్పటికి గడిచిపోతోంది. వానలు మొదలై, దోమలు పెరిగి, తలుపులు బిగించే రోజులు వస్తున్నాయి.

ఆషాఢం, బోనాల రోజులు

మొదటి ఆలోచన చాలా సులువైనది. పంపును బాల్కనీలో పెట్టి, సన్నని గొట్టాన్ని కిటికీ సందులోంచి తొట్టికి తీసుకొస్తే హాలు గాలితో పని ఉండదు. గొట్టం కొని, వాన తడవకుండా పంపు మీద ఒక బకెట్ బోర్లించి అంతా సిద్ధం చేశాను. ఆ సాయంత్రమే మా వీధిలోకి మున్సిపాలిటీ వారి ఫాగింగ్ యంత్రం వచ్చింది. డీజిల్ కంపుతో తెల్లని పొగ మొదటి అంతస్తు దాటి మా బాల్కనీ గ్రిల్ దాకా లేచింది. దేశంలో ఫాగింగ్‌కు పైరెత్రమ్, సైఫెనోత్రిన్, మలాథియాన్ వంటి మందులను డీజిల్‌లోనో కిరోసిన్‌లోనో కలిపి వాడతారు. వీటిలో మొదటి రెండూ దోమల మందు కుటుంబానికే చెందినవి. మూడోదీ చేపలకు మంచిది కాదు. ఇంట్లో గాలి వద్దనుకుని వీధి గాలిని నమ్ముకుంటే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. దోమ పిల్లలను తినడానికి చెరువుల్లో గంబూసియా చేపలను వదిలేదీ ఆ కార్పొరేషనే కావడం వేరే విచిత్రం. బాల్కనీ ఆలోచన అక్కడితో ముగిసింది.

బోనాల ఆదివారం అత్తయ్య ఇల్లంతా గుగ్గిలం, సాంబ్రాణి పొగ వేశారు. పొగ తొట్టి మీదుగా పోతుంటే నేను నీటిని పరిశీలించాను. మరునాడు ట్యూబ్‌లైట్ వెలుగు ఏటవాలుగా పడ్డప్పుడు నీటి పైన సన్నని పొర కనిపించింది. వేలితో తాకితే ముక్కలై, మళ్లీ నెమ్మదిగా దగ్గరికి చేరింది. న్యూస్‌పేపర్ కాగితాన్ని ఒక చివర నుంచి ఆ నీటి మీద పరిచి ఎత్తితే జిడ్డు మరక కాగితానికి అంటింది, నీటి మెరుపు తిరిగి వచ్చింది. పొగలోని నూనెలు, మసి రేణువులు ఇలా పైన పేరుకుంటాయి. వాటి విషం సంగతి అలా ఉంచి, ఆ పొర నీటికీ గాలికీ మధ్య ఆమ్లజని రాకపోకలకు అడ్డు తగులుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆమ్లజని తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా కరిగితే, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే కరుగుతుంది. హైదరాబాదు ఇళ్లలో తొట్టి నీరు ఏడాదిలో చాలా నెలలు ఈ రెండో అంకెకు దగ్గరలోనే ఉంటుంది కాబట్టి ఈ పొరను తేలికగా తీసుకోకూడదు. బుడగలు నీటి పైభాగాన్ని కదిలిస్తున్నంతసేపు పొర నిలవలేదు, పంపు ఆపినప్పుడే పేరుకుంది.

"సాంబ్రాణి కూడా వద్దంటావా ఏమ్మా?" అని అత్తయ్య అడిగారు. వద్దనలేదు. తొట్టి మీద గాజు పలక మూసి, ఆ అరగంట పంపు ఆపి, పొగ పోయాక తిరిగి వేస్తే సరిపోతుందని చెప్పాను. అంతమాత్రానికి ఆమె ఒప్పుకున్నారు. రోజూ మంచం కింద వెలిగే దోమల కాయిల్ విషయంలో మాత్రం ఇంకా ఒప్పందం కుదరలేదు.

ఈ మాసంలోనే కూకట్‌పల్లిలోని మా మేనత్త ఇంట్లో మరో దారి కనిపించింది. వాళ్ల తొట్టి చెక్క అలమరా మీద ఉంది, పంపు ఆ అలమరా లోపల ఉంది. బొద్దింకలు రాకుండా అదే అరలో కలరా ఉండలు వేశారు. తలుపు తీయగానే కళ్లు మండేంత ఘాటు. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఘనరూపం నుంచి నేరుగా ఆవిరవుతుంది. హాలంత గదిలో అయితే పలచబడుతుంది గాని, మూసిన అరలో ఆవిరి పేరుకుంటూనే ఉంటుంది. పంపు ఆ అరలోని గాలినే రాత్రింబవళ్లు నీటిలోకి తోస్తుంది. నాఫ్తలీన్ గాలికన్నా నీటిలో కొన్ని పదుల రెట్లు ఎక్కువగా నిలుస్తుంది, లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు చేరితే చేపలు చనిపోతాయి. హాలులో ఎంత ఖరీదైన ఫ్రెషనర్ చిమ్మినా ఈ అరకు సాటి రాదు. ఉండలన్నీ ఏరించి, అలమరా తలుపులు రెండు రోజులు తెరిచి ఉంచమని చెప్పి, పంపును బయటికి తీయించి వచ్చాను.

శ్రావణం, తయారీ

బయటి గాలీ పనికిరాక, లోపలి గాలీ నమ్మలేక, మిగిలింది గాలిని వడగట్టడమే. గాలిలోని సేంద్రియ ఆవిరులను పట్టుకోవడానికి యాక్టివేటెడ్ కార్బన్ అనే ప్రత్యేకంగా తయారైన బొగ్గుకు మించినది ఇంట్లో దొరకదు. రసాయన పరిశ్రమల్లో ముఖానికి తొడిగే మాస్కుల డబ్బాల్లోనూ ఇదే ఉంటుంది. వాటిలో గాలి సెకనులో చిన్న భాగం పాటు మాత్రమే బొగ్గును తాకుతుంది. నా పంపు నిమిషానికి 3 లీటర్లే పీలుస్తుంది కాబట్టి, అర లీటరు బొగ్గు గుండా గాలి పోవడానికి పది సెకన్లు పడుతుంది. ఆ వెసులుబాటు చాలా ఎక్కువ.

అసలు చిక్కు పంపు నిర్మాణంలో ఉంది. చిన్న పంపులు గాలిని ఒక గొట్టం ద్వారా పీల్చవు, అడుగున చిన్న రంధ్రానికి అతికించిన పలచని ఫెల్టు ముక్క గుండా పీలుస్తాయి. అందువల్ల పీల్చే వైపు బొగ్గు గొట్టం నేరుగా తగిలించలేం, పంపు మొత్తాన్ని ఒక పెట్టెలో పెట్టి ఆ పెట్టెకే ముక్కు అమర్చాలి. వంటింట్లో పప్పులు పోసుకునే, నాలుగు వైపులా బిగించే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకున్నాను. రాణిగంజ్‌లో రెండంగుళాల పీవీసీ పైపు ముక్క, దానికి రెండు మూతలు, నీటి శుద్ధి సామాను అమ్మే చోట కొబ్బరి చిప్ప కార్బన్ కొన్నాను. పొడి రకం కాకుండా నాలుగు మిల్లీమీటర్ల గుళికలు అడిగి తీసుకోవడం ముఖ్యం. సన్న రకమైతే గాలికి అడ్డు ఎక్కువై పంపు ఊపిరాడక వేడెక్కుతుంది.

గుళికలను నీరు తేటపడేదాకా కడిగి ఆరబెట్టాలి. తడి బొగ్గు గాలిలోని ఆవిరులను సరిగా పట్టదు, దాని మసి పంపు లోపలి రబ్బరు వాల్వులను పాడు చేస్తుంది. శ్రావణమాసం ముసురులో మేడ మీద ఆరబెట్టడం కుదరక, ఫ్యాను కింద పాత చీర మీద పరిచాను. పైపుకు రెండు చివర్లా స్పాంజి ముక్కలు దోపి, మధ్యలో గుళికలు దట్టించి, మూతలకు సన్న రంధ్రాలు వేసి, డబ్బా పక్క గోడలో ఆ పైపును బిగించాను. కరెంటు వైరుకు ఒక రంధ్రం, గాలి గొట్టానికి ఒక రంధ్రం. అన్నింటి చుట్టూ సిలికోన్ పట్టించాను. ఆరేటప్పుడు దాని నుంచి వెనిగర్ వాసన వస్తుంది, అది పూర్తిగా పోయేదాకా పంపు వేయకూడదు. బూజు పట్టని రకం అని రాసి ఉన్న సిలికోన్‌లో బూజు మందు కలుపుతారు కాబట్టి అది తీసుకోలేదు.

బిగింపు పరీక్ష సులభం. పంపు నడుస్తుండగా పైపు నోటికి అరచేయి అడ్డం పెడితే బుడగలు ఆగిపోవాలి. మొదట అవి కాస్త తగ్గాయే గాని ఆగలేదు. డబ్బా చుట్టూ సబ్బు నురుగు రాసి చూస్తే వైరు పక్కన నురుగు లోపలికి లాగబడుతోంది. అక్కడ ఎం-సీల్ ముద్ద అదిమాను. ఈసారి అరచేయి పెట్టగానే తొట్టిలోని బుడగల వరుస సన్నబడి, ఒక్కొక్కటిగా మారి, ఆగిపోయింది. చేయి తీస్తే పైపు చిన్నగా ఊపిరి పీల్చినట్టు చప్పుడు చేసి మళ్లీ మొదలైంది. బొగ్గు వల్ల బుడగల వేగం కొద్దిగా తగ్గింది గాని అది లెక్కలోకి రానంత. మూసిన డబ్బాలో పంపు వేడెక్కుతుందేమోనని రెండు మూడు రోజులు పగలంతా నడిపి తాకి చూశాను. గోరువెచ్చదనం దాటలేదు. కరెంటు పోయినప్పుడు తొట్టి నీరు గొట్టం గుండా వెనక్కి వచ్చి కరెంటు ఉన్న డబ్బాలో చేరే ప్రమాదం ఉంది కనుక గొట్టంలో ఒక చెక్ వాల్వు వేసి, డబ్బాను తొట్టి నీటి మట్టానికి పైన అర మీద పెట్టాను.

వాసన పరీక్షకు అత్తయ్య ముక్కును మించిన పరికరం మా ఇంట్లో లేదు. పైపు నోటి దగ్గర హారతి కర్పూరం బిళ్లలు పెట్టి, గాలి గొట్టం చివరను ఆమెకు అందించాను. ఒకసారి పైపులో బొగ్గు ఉంది, ఒకసారి తీసేశాను. ఏది ఎప్పుడో ఆమెకు చెప్పలేదు.

"ఇది కర్పూరమే. ఇందాకటి దాంట్లో ఏమీ లేదమ్మా, ఉత్త ప్లాస్టిక్ వాసన" అన్నారు. వరుస మార్చి మళ్లీ అడిగినా తప్పలేదు.

శ్రావణం, సీసాల పరీక్ష

ముక్కు పట్టలేని మోతాదులో కూడా దోమల మందు చంపగలదు కాబట్టి వాసన పరీక్షతో తృప్తి పడలేం. చేపల మీద ప్రయోగం చేయడం నాకు సమ్మతం కాదు. చేపలకు మేతగా నేను పెంచుతున్న డాఫ్నియా అనే నలుసంత నీటి జీవి ఇందుకు పనికొచ్చింది. నీటి విషాలను పరీక్షించే ప్రయోగశాలలు కూడా డాఫ్నియానే వాడతాయి, 48 గంటల్లో ఎన్ని కదలడం మానేశాయో లెక్కిస్తాయి. రొయ్యల్లా ఇదీ గుల్ల జాతి జీవి కావడంతో పురుగుమందులకు అతి త్వరగా లొంగుతుంది.

రెండేసి లీటర్ల సీసాల్లో పాత నీరు పోసి, ఒక్కోదానిలో డాఫ్నియాను వదిలి, మూసిన స్నానాల గదిలో రాత్రంతా గాలి పంపాను. జెల్ ఫ్రెషనర్ పెట్టిన రాత్రి అవి ఎప్పటిలాగే ఎగురుతూ దిగుతూ తిరిగాయి. డబ్బా ఫ్రెషనర్‌ను మామూలుకన్నా ఎక్కువగా చిమ్మిన రాత్రి నీటికి వాసన పట్టింది, పైన పలచని పొర కట్టింది, కొన్ని మందకొడిగా కదిలాయి గాని మంచి నీటిలోకి మార్చాక తేరుకున్నాయి. దోమల మందు ప్లగ్గు పెట్టిన రాత్రి తెల్లారేసరికి సీసా అడుగున తెల్లని నలుసుల్లా పడి ఉన్నాయి. నీటిని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు. చివరగా అదే మందు ఉన్న గదిలో బొగ్గు పెట్టె ద్వారా గాలి పంపాను, సీసా మూతిని దూదితో మూశాను. పొద్దున్న డాఫ్నియా బతికే ఉన్నాయి, ఆ మరునాడూ ఉన్నాయి. ఇంటి పరీక్షకు ఉండే పరిమితులన్నీ దీనికీ ఉన్నాయి. స్నానాల గది మా హాలులో నాలుగో వంతు కూడా ఉండదు కాబట్టి మోతాదు సహజంగానే ఎక్కువ. అయినా ఏ పదార్థాన్ని చూసి భయపడాలో, దేన్ని చూసి జాగ్రత్త పడితే చాలో ఈ సీసాలు లెక్కకన్నా స్పష్టంగా చూపించాయి.

ఆ వారంలోనే కింది వాటా అబ్బాయి "ఆంటీ, మా చేపలు పిచ్చిగా తిరుగుతున్నాయి" అంటూ పరుగెత్తుకొచ్చాడు. వాళ్ల వంటింట్లో నిమ్మ వాసన ఉన్న బొద్దింకల స్ప్రే కొట్టారు, తొట్టి పక్క గదిలోనే ఉంది. నిమ్మ వాసన రావడంతో ఇంట్లోవాళ్లు దాన్ని ఫ్రెషనర్‌తో సమానంగా చూశారు. డబ్బా తిప్పి చదివితే ఇమిప్రోత్రిన్, సైపర్‌మెత్రిన్ అని ఉంది. కొట్టే ముందు చేపల తొట్టిని కప్పమన్న హెచ్చరిక కూడా చిన్న అక్షరాల్లో ఉంది. ఆమ్లజని తగ్గితే చేపలు నీటి పైకి చేరి నోరు తెరుస్తాయి. ఇక్కడ అవి గోడలకు కొట్టుకుంటూ, వంకర తిరుగుతూ, పక్కకు ఒరిగిపోతూ ఉన్నాయి. నరాల మీద పనిచేసే మందు లక్షణాలివి. ముందు పంపు ఆపి, కిటికీలు తెరిచి, సగం నీరు తీసి, క్లోరిన్ పోవడానికి హైపో కలిపిన నీటిని అదే వేడిమికి తెచ్చి పోశాం. నా దగ్గర మిగిలిన బొగ్గును గుడ్డ సంచిలో కట్టి ఫిల్టరులో పెట్టాం, రాత్రి మరోసారి నీరు మార్చాం. గప్పీలు చాలావరకు నిలిచాయి, రొయ్యలు ఒక్కటీ మిగల్లేదు. చేపలు ఇబ్బంది పడ్డ ప్రతిసారీ గది వాసన మీద నెపం వేయకూడదని కూడా ఆ అబ్బాయికి చెప్పాను. అమోనియా, నైట్రైట్ పరీక్ష చుక్కలతో నీటిని ముందు చూడాలి, ఇళ్లలో ఎక్కువ చావులకు కారణం అవే.

భాద్రపదం, అమరిక

బొగ్గు పెట్టె పంపు దారిని మాత్రమే మూస్తుంది, నీటి పైభాగం హాలు గాలిని తాకుతూనే ఉంటుంది. దీనికి వేరే పరికరం అక్కరలేదు. తొట్టి మీద గాజు పలకను పూర్తిగా కప్పి, ఒక మూల మాత్రం వేలెడు సందు వదిలాను. నీటికీ పలకకూ మధ్య ఖాళీలో దాదాపు 9 లీటర్ల గాలి పడుతుంది. పంపు వడగట్టిన గాలిని నిమిషానికి 3 లీటర్ల చొప్పున బుడగలుగా వదులుతుంది కాబట్టి ఆ ఖాళీ మూడు నాలుగు నిమిషాలకోసారి శుభ్రమైన గాలితో నిండి, మిగులు మూల సందులోంచి బయటికి తోసుకుపోతుంది. గాలి ఎప్పుడూ లోపలి నుంచి బయటికే పోతుంటే హాలులోని ఆవిరి లోపలికి రావడం కష్టం. సందు దగ్గర అగరొత్తి పట్టుకుంటే పొగ తొట్టిలోకి వంగకుండా బయటికి మళ్లింది. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, పెట్టె ఖర్చు కన్నా గాజు పలక ఖర్చు తక్కువ కావడం మరీ నచ్చింది.

దీనికి ఒక చిక్కుంది. పలక మూస్తే నీరు ఆవిరి కావడం తగ్గి, ఆ ఆవిరి ఇచ్చే చల్లదనమూ తగ్గుతుంది. భాద్రపదంలో పరవాలేదు గాని, ఏప్రిల్, మే నెలల్లో నీరు రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. వేసవిలో పలక తీసేసి, కిటికీలు తెరిచి, దోమల మందు మానేసి తెరతో సరిపెట్టుకోవడమే మేలు.

వంటింటి గూట్లో ఒక జాడీలో ఫైటర్ చేప కూడా ఉంది. దానికి పంపు లేదు గనుక పెట్టె దానికి అక్కరకు రాదు. ఫైటర్లు, గౌరామీలు తలలో ఉండే ప్రత్యేక అవయవంతో నీటి పైకి వచ్చి గాలినే పీలుస్తాయి. గదిలో ఏది ఆవిరైనా అవి నేరుగా మింగుతాయి. దాన్ని ప్లగ్గులూ అగరొత్తులూ లేని పడక గదికి మార్చాను.

తుంపర విషయంలో కొన్ని మార్పులు చేశాం. తనంతట చిమ్మే ఫ్రెషనర్ తొట్టికి ఎదురు మూలకు, తొట్టి కన్నా కింద ఎత్తుకు మారింది. అత్తయ్య పుట్టింటి నుంచి వచ్చిన లవంగ నూనె డిఫ్యూజరు తొట్టి మూత మీద అలంకారంగా ఉండేది, దాన్ని కూడా తీయించాను. ఆవిరి వల్ల వచ్చే భయం కన్నా అది ఒలికే భయం ఎక్కువ. లవంగ నూనెలోని యూజినాల్‌ను చేపలకు మత్తు ఇవ్వడానికే వాడతారు, లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాములు సరిపోతుంది. ఒక్క చుక్క పడితే మా తొట్టిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము అవుతుంది, దాన్ని చేపలు తట్టుకుంటాయి. పది మిల్లీలీటర్ల సీసా మొత్తం ఒలికితే లీటరుకు రెండు వందలు దాటుతుంది, ఆ మత్తు నుంచి లేవవు. ఫినాయిల్, నేల తుడిచే ద్రవాల సంగతి కూడా ఇంతే. అవి గాలిలో కన్నా చేతి వేళ్ల మీద ఎక్కువగా ప్రయాణిస్తాయి. ఇల్లు తుడిచిన చేతిని మోచేతి దాకా కడగకుండా తొట్టిలో పెట్టడం మానుకోవాలి.

దోమల కాయిల్ తగాదా దోమతెరతో తీరింది. చవితి నాడు మండపం దగ్గరి నుంచి వచ్చిన ధూపం పొగకు పలక మూసే ఉంది, మరునాడు కాగితం పరిచి చూస్తే జిడ్డు అంటలేదు.

ఆశ్వయుజం, ప్రస్తుత స్థితి

పెట్టె నిరాటంకంగా నడుస్తోంది. రొయ్యల్లో కొత్త పిల్లలు కనిపిస్తున్నాయి. ఈ నగరపు కుళాయి నీటిలో వాటిని నిలబెట్టడం కష్టమని దుకాణంలో అన్నారు గాని, హైపో వేసి ఒక రాత్రి నిలవబెట్టిన నీటితో ఇబ్బంది రాలేదు. బొగ్గు ఎంతకాలం పనిచేస్తుందన్నది గదిలోని ఆవిరి మోతాదును బట్టి, గాలిలోని తేమను బట్టి మారుతుంది. నిండిపోయిన బొగ్గు పట్టుకున్నదాన్ని తిరిగి వదలనూగలదు. అందుకని కర్పూరం పరీక్షను నెలకోసారి చేయాలని నిర్ణయించాను. అత్తయ్యకు వాసన తెలిసిన రోజున గుళికలు మార్చాలి, పాతవి ఎండబెట్టి మళ్లీ వాడకూడదు. కింది వాటా అబ్బాయికి రెండో పెట్టె తయారవుతోంది. ఈసారి వైరు రంధ్రానికి సిలికోన్ బదులు మొదటే ఎం-సీల్ వాడుతున్నాను, పైపును డబ్బా పక్కన కాకుండా మూత మీద నిలువుగా బిగిస్తున్నాను. అలా అయితే గుళికలు మార్చడానికి డబ్బా మొత్తం విప్పనక్కరలేదు.